సుబ్బులు ఇవ్వనన్న జుట్టు

శుక్రవారం, రాత్రి

నా బిడ్డకు నయమైంది! రొమ్ములో క్యాన్సర్ జాడ ఎక్కడా లేదని ఒంగోలులో డాక్టరమ్మ మా సుబ్బులు చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. స్వామీ, రంగనాయకా, అంతా నీ దయ, నీ దయే! మార్కాపురంలో బస్సు దిగేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఇంటికి రాగానే మొక్కు గుర్తుచేశాను. బాగైతే దాని తలనీలాలు ఇస్తానని నేనే మొక్కుకున్నాను. ఇప్పుడిప్పుడే వేలెడు జుట్టు వచ్చింది.

"నేనియ్యను నాయనా. కీమోకు అంతా రాలిపోయింది గదా, అదే సామికి ఇచ్చినాననుకో."

"అట్ల అనగూడదమ్మా, తప్పు."

"బోడితలతో పెళ్లిపందిట్లోకి రామాకని అత్త వాళ్లింటి గుమ్మంలోనే ఆపిన రోజు ఏ సామీ అడ్డం రాలేదే! మళ్లా బోడి చేసుకోమంటావా?"

ఆ అత్త నా తోడబుట్టిన అక్కే. స్వామీ, నా బిడ్డను వదిలిపెట్టు, నా తల తీసుకో. ఈ నెరిసిన నాలుగు వెంట్రుకలతో నీ మొక్కు తీరుతుందో లేదో...

పొద్దున్నే ఫోన్ చేయాల్సిన వాళ్లు: కురిచేడు బావ, పామూరు వియ్యంకుడు, రాచర్ల తమ్ముడు. అక్కకు మాత్రం ఫోన్ చేయను. సుబ్బుల్ని వెంటబెట్టుకుని వాళ్లింటికే పోయి చెప్తాను, అది తలమీద కొంగు కప్పుకోకుండా వస్తానంటే.