మూసిన నోటితో పాడిన పాట

రూడీ,

జర్మన్ పండక్కి, మనవాళ్లు ఈ ఊరికి ఏమిచ్చారో రాసి పంపమన్నావు. బ్యాండు, బడి, బీరు సంగతి అందరికీ తెలిసిందేలేరా. ఇది కూడా రాసుకో.

1918లో జర్మనీతో అమెరికా యుద్ధం పేరు చెప్పి మన అయోవా రాష్ట్రంలో నలుగురిలో మన భాష మాట్లాడొద్దన్నారు. ఆ ఏడే మా అమ్మమ్మ పోయింది. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. సమాధి దగ్గర షెరీఫ్ నిలబడి, "జర్మన్ వినపడిందా, లోపలేస్తా" అన్నాడు. మా నాన్న పాటల సంఘానికి పెద్ద. "మాటలేగా వద్దంది," అని నోరు మూసుకునే ప్రార్థన గీతం రాగం ఎత్తుకున్నాడు. వచ్చిన అరవైమందీ అలాగే అందుకున్నారు. షెరీఫ్ టోపీ తీశాడు.

ఆదివారం పండగలో మైకులు పెట్టి అదే పాట పాడతారట. మొదటి చరణం నోరు మూసుకునే పాడండి. రెండోదానికి గొంతెత్తండి. అమ్మమ్మ ఆ మాటలు వినకుండానే వెళ్లిపోయింది.

మీ అత్త