ఆగిన మీటరుకి బొట్టు

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్న ఈ దీవిలో, మన ఊరు బ్రూక్షాబాద్‌లో మనవాళ్ళందరికీ అన్నం పెట్టాం. భోజనాలయ్యాక నీ తమ్ముడు మన చిన్న ట్రాక్టరు విప్పాడు. నీ తర్వాత దాంతో పడవలు ఒడ్డుకి లాగేది నేనే. ఈమధ్య ఇంజను గరగరలాడుతోంది.

ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు నువ్వు పోయిన వారంలోనే ఆగిపోయింది. నా నుదుటి బొట్టు తీసేసినా, ఆ అద్దానికి మాత్రం రోజూ బొట్టు పెట్టాను. "ఆయన లేడని బండికీ తెలిసిపోయింది" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాను. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటే లోలోపల మురిసిపోయాను. బాగుచేస్తామన్నవాళ్ళని చెయ్యి వెయ్యనివ్వలేదు.

నీ తమ్ముడు మీటరు వెనకనుంచి ఒక తీగ బయటికి లాగాడు. పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఉప్పునీళ్ళు తగిలి తార్ పూరా పోయింది వదినా. ఇంకేటీ లేదు. ఆయిలెప్పుడు మార్చేవు?"

"మీటర్లో ఆ నంబరు ఇంకా రాలేదు కదా," అనేసి నాలుక కరుచుకున్నాను.

నంబరు చూసి ఆయిల్ మార్చమని నేర్పింది నువ్వే. మీటరు ఆగింది గాని పడవలు ఆగలేదు. నువ్వు చొక్కా విప్పి దాంతో తుడిచే బండి చేత ఏడాదంతా అదే ఆయిల్‌తో ఈడ్పించాను. ఇవాళ తీస్తే బురదలా దిగింది.

కొత్త తీగ వేశాక మీటరు మళ్ళీ కదిలింది. నంబరు కనబడాలని అద్దం మీది బొట్టు నేనే తుడిచాను. నా బొట్టు తీసిన రోజు కూడా నలుగురిలో తల దించుకోలేదు మావా. ఇవాళ దించుకున్నాను.