మా బావి నీళ్లు ఉమ్మిన బావకు

బావా,

నా కూతురి పెళ్లికి వచ్చేవాళ్లకు జబ్బులు రాకూడదని మా బావిలో బ్లీచింగు కలిపితే, నువ్వు ఆ నీళ్లు అందరి ముందరా ఉమ్మేశావు. "ఏంది బామ్మర్దీ, ఆస్పత్రి గచ్చు కడిగిన నీళ్లా ఇవి?" అన్నావు. నేనింకా మరిచిపోలేదు.

ఇప్పుడు విను! మొన్న తుఫానుకు మీ బావిలోకి వరదనీళ్లు దిగాయి. అక్కే నన్ను పిలిచి, "ఒరే తమ్ముడా, బ్లీచింగు నువ్వే కలపాల" అనింది! సాయంత్రం కలిపాను, తెల్లారి నీళ్లు తోడాము. ఇవాళ నీ సంవత్సరీకానికి వచ్చినవాళ్లంతా అవే తాగారు. ఒక్కడూ మొహం చిట్లించలేదు! నీ ఫోటో ముందర చెంబులోనూ అవే పెట్టాను.

శుక్రవారం మళ్లీ బ్లీచింగు కలపాల, ఎట్లున్నాయో ఆ లోపల కల్లోకొచ్చి చెప్పు. తిట్టినా సరే. మళ్లీ ఉమ్మినా సరే.