పిడి బారెడు, అలుగు బెత్తెడు

పత్తాద,
ఆదివారం సాయంత్రం

బంగారు తల్లి పెపికాకు,

అమ్మ నీ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని రాస్తున్నది. ఇక్కడ మేమందరం కులాసా. తూరిన్ చలిలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ప్రతిసారీ రాసే మాటే అయినా ఈసారి మాత్రం నిజంగా కులాసాయే. అందుకని ఉత్తరాన్ని మెట్లమీద నిలబడి గబగబా చదివేయకు. కూర్చుని తీరిగ్గా చదువు, ఏడవాల్సిందేమీ లేదు.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. నానమ్మకు దగ్గు తగ్గింది. ఆమెనడిగితే తగ్గలేదంటుంది, దగ్గు పోతే పలకరించేవాళ్ళు కూడా పోతారని ఆమె భయం. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు నాకని రాశావు గానీ అవి ఆమె కాళ్ళ మీదే ఉన్నాయి. ఈ ఏడు గడ్డి బాగా పెరిగింది, గొర్రెలున్నవాళ్ళంతా నవ్వు మొహాలతో తిరుగుతున్నారు. మీ యజమానురాలు నీ చేత కిటికీలు తుడిపిస్తోందని రాశావు. తుడిస్తే తుడువు గానీ బయటికి వంగకు. ఆవిడ కిటికీ మురికిగా ఉంటే కొంప మునగదు.

ఇక నువ్వు వరసగా అడుగుతున్నదీ, నేను వరసగా మాట మారుస్తున్నదీ చెప్తాను. జోర్జి నీకు ఎందుకు రాయడం మానేశాడు, నాన్న అతన్ని ఏమన్నాడు అని కదా నీ ప్రశ్న. నాన్న ఏమీ అనలేదు. ఆయన అనకపోవడం వల్లే ఇంత దూరం వచ్చింది.

అతనికి చాకు చేయడానికి నాన్న ఒప్పుకున్నాడని చలికాలంలో రాశాను. మన ఊళ్ళో కత్తులు చేసేవాడు తన కూతుర్ని అడిగినవాడికి చాకు చేసిచ్చాడంటే పిల్లనిచ్చినట్టే. మీ నాన్న నోటితో సరే అనే మనిషి కాదు, పెళ్ళిలో పాద్రి అడిగితే కూడా తలే ఊపాడు. వైన్ కొట్లో జోర్జి గ్లాసు పట్టుకుంటే ఆ వేళ్ళు చూసి అరచేతి కొలత తీసుకొచ్చాడు. దాచి దాచి ఎండబెట్టిన పొట్టేలు కొమ్ము తీశాడు. పిడి గుప్పిటకు సరిపోవాలి, మడిచినప్పుడు కోసే అలుగు పిడిలో నిండుగా పడుకోవాలి, మొన దగ్గర గోధుమ గింజ పట్టేంత చోటు మిగలాలి. అలుగు పొడుగైతే మొన బయటికొచ్చి జేబు కోస్తుంది. పొట్టిదైతే ఏమంటారో నీకు తెలుసు. పిడి బారెడు, అలుగు బెత్తెడు. అంటే కోతలు తప్ప చేతలు లేనివాడని.

ఈస్టర్ మరునాడు నాన్న నూనెగుడ్డలో చుట్టి ఉన్న చాకును విప్పకుండా మడిచినది మడిచినట్టే ఇచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లాడు, ఇచ్చినవాడి ముందు తెరిచి చూస్తే అనుమానించినట్టని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నదమ్ముల మధ్య తెరిచాడు. పిడి చూస్తే నిండు గుప్పెడు, అలుగు చూస్తే అందులో సగం కంటే కాస్త ఎక్కువ. తండ్రి మంచం మీద పసివాణ్ణి పడుకోబెట్టినట్టుంది. వాళ్ళు పడీ పడీ నవ్వారట. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ గొనారియ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా చాకు మన గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయింది.

మీ నాన్న దాన్ని తీసుకుని కొలిమి గదిలోకి పోయాడు. ఎందుకు తిప్పి పంపారని ఎవర్నీ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. కూతుర్ని ఇవ్వడం ఇష్టం లేక కత్తుల బాకిస్ కావాలనే పిల్లాణ్ణి అవమానించాడని ఊరంతా అనుకుంది. చాకిరేవు దగ్గర గొనారియ ఆ మాట నా మొహం మీదే అంటే, నేనూ అందరి ముందూ, అవునమ్మా, మా ఆయన మొండిఘటం, నేనేం చెయ్యను అన్నాను.

ఇప్పుడు చెప్తున్నాను, పెపికా. మీ నాన్న చేసిన అలుగు నిండుగానే ఉండేది. దాని మొన విరగ్గొట్టింది నేను.

నీ పెళ్ళి దుప్పట్లు పెట్టిన పెట్టె తాళం బిగిసిపోయింది. ఈస్టర్ ముందు రోజు వాటిని ఎండలో వేద్దామని తియ్యబోతే రాలేదు. బల్ల మీద ఆ చాకు కనిపించింది. బుద్ధి గడ్డి తిని మొన దూర్చి తిప్పాను, టప్పుమంది. ముప్పై ఏళ్ళుగా మీ నాన్న చేసిన కత్తులకు మెరుగు పెడుతున్నదాన్ని, సానరాయి నాకు కొత్తా? మొన మళ్ళీ ఆకులా రావాలంటే అలుగుని వెనక్కి వెనక్కి అరగదియ్యాలి. అరగదీస్తూ పోతే అది ఎక్కడ ఆగిందో నువ్వే ఊహించుకో. మడిచి, గుడ్డలో చుట్టి, ఎప్పటి చోటే పెట్టేశాను. ఎవరూ గమనించరనుకున్నాను. కత్తులు చేసేవాడి పెళ్ళాన్ని, గమనిస్తారని నాకు కాక ఇంకెవరికి తెలియాలి?

భయమేసింది, అంతే. మీ నాన్నంటే భయం, నువ్వంటే భయం, ఆ గొనారియ నోరంటే మరీ భయం. నువ్వు నిద్ర పట్టడం లేదని రాసిన ఉత్తరం చదివాక మాత్రం ఉండలేకపోయాను. శుక్రవారం జున్ను కావాలన్న వంకతో జోర్జి మంద దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. అతను పాలగిన్నె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"మామకు నేను నచ్చలేదనుకుని రాత్రుళ్ళు ఏడిచానత్తా," అన్నాడు. "పెట్టె తాళమా?"

"పెట్టె తాళమే నాయనా. నువ్వు కప్పుకోబోయే దుప్పట్లే."

అప్పుడు నవ్వాడు. నవ్వి, మామకు మాత్రం నువ్వే చెప్పుకో, ఆ పని నా వల్ల కాదు అన్నాడు.

ఇంటికొచ్చి కొలిమి గది గుమ్మంలో నిలబడి మీ నాన్నకు చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"తెలుసే," అన్నాడు. "తిరిగొచ్చిన రోజే తెరిచి చూశాను. సాన నీది. నేను పిడి పక్కనున్న మడమ నుంచి మొనకి పడతాను, నువ్వు మొన నుంచి మడమకి పడతావు."

"మరి వాళ్ళకు చెప్పొచ్చు కదా?"

"నా పెళ్ళాం పాడుచేసిందని గొనారియ గుమ్మంలో నిలబడి చెప్పమంటావా?"

చాకిరేవు దగ్గర నేనన్న మాట కూడా ఆయన చెవిన పడిందట. బల్ల మీద గుడ్డ తీసి చూపించాడు. అదే పిడికి కొత్త అలుగు చేసి, రెంటినీ కలిపే మేకు కూడా బిగించేశాడు.

ఈ రోజు జోర్జి మనింట్లోనే భోంచేశాడు. నాన్న చాకు చేతికిచ్చి, "ఇక్కడే తెరువు," అన్నాడు. తెరిచాడు, మడిచాడు, మళ్ళీ తెరిచాడు. గోధుమ గింజంత చోటు, అంతే. దానితోనే రొట్టె కోసి మొదటి ముక్క మీ నాన్నకు పెట్టాడు. ద్రాక్షలు కోసేశాక పెళ్ళి అనుకున్నాం. నీకు రేపు ఉత్తరం రాస్తానన్నాడు, రాయకపోతే నాకు చెప్పు. నిన్న చాకిరేవులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, గొనారియ ఈ కథతో వేసవంతా గడిపేస్తుంది. గడపనీ.

ఒక్క మాట మిగిలింది. జోర్జి వెళ్ళాక మీ నాన్నను అడిగాను, నేను నోరు విప్పకపోతే ఏం చేసేవాడివి అని. బూట్లు విప్పుకుంటూ చెప్పాడు.

"ఆ అలుగు పూర్తయ్యేదాకానే ఆగాను, ఇవాళ దాన్ని పట్టుకుని వాళ్ళింటికి పోయేవాణ్ణి. పొట్టి అలుగు వేసింది నేనే, తప్పయిపోయింది, క్షమించండి అనేవాణ్ణి. పిల్ల పెళ్ళి కదే."

ఇన్నేళ్ళలో మీ నాన్న ఒకరిని క్షమించమని అడగడం నేను చూడలేదు, పెపికా. చెయ్యని తప్పుకు అడగడానికి సిద్ధపడ్డాడు.

ఇట్లు,
నీ పెళ్ళి దుప్పట్లు ఎండలో వేసి, వాటి పక్కనే కూర్చుని రాసిన
మీ అమ్మ అంతియోగ