వంకల ఉపసంహరణ

గృహ తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరు తాళం వేయించిన మూడో అంతస్తు వాటా నిజానికి బంగారంలాంటి ఇల్లని మనవి చేసుకొనుట గురించి.

లిఫ్టులు బాగుచేయు పని మీద తమ దేశం వచ్చి, తోటి మెకానిక్కులతో ఒకే గదిలో సర్దుకొనుచున్న నేను వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. నా భార్య, పాప ఇక్కడికి వచ్చుటకు నా పేరున ఒక అద్దె ఇల్లు చూపవలెను. ఈ నెలాఖరులోగా చూపనిచో వారి వీసా మురిగిపోవును. అందుకై సదరు ఇల్లు చూడబోయితిని. యజమాని రైలు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇల్లు నాకు నచ్చినది. తోడు వచ్చిన బావమరిది నన్ను పక్కకు లాగినాడు.

"నచ్చినట్టు మొహం పెట్టకు బావా. అద్దె పైసా తగ్గదు. నువ్వు ఊరుకో, నేను వంకలు పెడతా."

అడగందే అమ్మయినా పెట్టదు కదా అని ఊరుకొంటిని.

2. సదరు వంకలను ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను. గోడకు చెమ్మ అన్నది అబద్ధం. బావమరిది అప్పుడే చేతులు కడుక్కొని, తుడుచుకోకుండా గోడ తడిమినాడు. నేల ఒక పక్కకు వాలినదన్నదీ అబద్ధమే. వాడి చెప్పు మడమ ఒకవైపు అరిగిపోయినది. కుళాయి కారుచున్నదంటే, సగం తిప్పి వదిలినది వాడే.

3. మా వైపు ఇంటివారైతే "ఇష్టమైతే ఉండండి, లేకపోతే లేదు" అని కసిరి, నాలుగు మాటలయ్యాక ఎంతోకొంత తగ్గింతురు. ఈయన కసరలేదు. చిన్న లోపమున్నా బండి కదపని మనిషి గావున ముఖం పాలిపోయి, "ఇలాంటి ఇంట్లో పసిపిల్లను ఉంచమంటానా?" అని, తిన్నగా తమ కార్యాలయమునకు వచ్చి తన ఇంటి మీద తానే ఫిర్యాదు ఇచ్చినాడు. తనిఖీ జరిగే వరకు తమరు తాళం వేయించితిరి. ఆ తనిఖీకి వంతు వచ్చే నెలలోనట.

4. ఇల్లు లక్షణంగా ఉన్నదని నేను పోయి మొత్తుకొంటిని. "నువ్వు మొహమాటపడుతున్నావు బాబూ" అని నాకే ధైర్యం చెప్పి పంపినాడు. ఈ అర్జీని వారి భాషలోకి మార్చు దుబాసీగారూ, ఈ తరువాతి ముక్క ఉన్నదున్నట్టు చెప్పండి. అయ్యా, నాకా ఇల్లు కావాలి. పాప పడుకునే మూల కూడా చూసి పెట్టుకున్నాను. ఏళ్ళ తరబడి పక్కవాడి గురక వింటూ పడుకుంటున్నాను, ఇక నావల్ల కాదు.

కావున తమరు ఈ నెలలోనే వచ్చి, ఆ గోడను పొడిచేత్తో ఒకసారి తడిమి, తాళం తీయించి, మా ముగ్గురినీ ఒక గూటికి చేర్చ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆ ఇంట్లో ఇంకా దిగని అద్దెవాడు

తా.క.: ఈ అర్జీని దుబాసీగారి చేత పెద్దాయనకు చదివి వినిపించాను. అంతా విని, "మీ దేశంవాళ్ళు బేరమాడతారని మా చెల్లెలు చెబితే, నేనూ అద్దె ముందే పెంచి చెప్పాను. ఆ పాపానికే ఇల్లు పాడైందనుకున్నా" అన్నాడు. పెంచినదంతా తీసేసి ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు తమ తాళం ఒక్కటే అడ్డం. త్వరగా రండయ్యా. "ఇంత తేలిగ్గా తగ్గాడంటే ఇంకా తగ్గుతాడు, ఆగు బావా" అంటున్నాడు మావాడు. నా భార్యకు సొంత తమ్ముడు కనుక నేనేమీ అనలేను. తమరు వచ్చే రోజున వాడిని వీధి చివరే ఆపించగలరు.