ఖాళీ కనిపిస్తే ఊరుకోదు

జరుగుడమ్మకి,

నువ్వు పోయాక నీకు రాయడం ఇదే మొదలు. రాయడం పిచ్చితనమని తెలుసు. కానీ ఇవాళ నిన్ను చూసి వచ్చాను.

మీ చెల్లెలి కోసం నీ పొట్ట మీది కొవ్వు తీశారు కదా. "ఇన్నేళ్లకి నా పొట్టకి గిరాకీ వచ్చిందండోయ్" అని నవ్వుతూ ఆపరేషన్ గదిలోకి వెళ్లావు. ఆ కొవ్వులోంచి ఏరిన కణాలను ల్యాబ్‌లో పెంచుతున్నారు. క్రోన్స్ జబ్బు ఆమె పేగును తొలిచి, కూర్చునే చోట చర్మం దాకా చేసిన దారిని అవి పూడ్చగలవని డాక్టరుగారి ఆశ. ముందు చీము తగ్గాలి, ఆగమన్నారు. ఆగేలోపు నీ తలలో నరం చిట్లింది. నువ్వు పోయావు. అవి పోలేదు.

ల్యాబ్ అమ్మాయి వాటిని మేడమ్ అంటుంది. "రండి సార్, మేడమ్‌కి ఆకలిగా ఉంది." సీసాలో గులాబీ రంగు నీళ్లు పచ్చబడితే ఆకలన్నమాట. కళ్లద్దాల దుకాణం వాణ్ణి కనక మైక్రోస్కోపు నేనే సరిచేసుకున్నాను. కణాలు సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. కిందటిసారి ఆ అమ్మాయి వాటి మధ్య సన్నని మొనతో ఒక గీత గీసి, అడ్డంగా బాట చేసింది. ఇవాళ చూస్తే బాట లేదు.

"వాటికెవరు చెప్తారమ్మా?"

"ఎవరూ చెప్పరు సార్. ఖాళీ కనిపిస్తే ఊరుకోవు."

నువ్వూ అంతే. సోఫాలో, మంచం మీద, బల్ల దగ్గర, జానెడు చోటుంటే "కాస్త జరగండి" అంటూ వచ్చి ఇరుక్కునేదానివి.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. వంటింట్లో నీ కుర్చీని గోడ దగ్గర పెట్టాను. పొద్దున లేచేసరికి నా కుర్చీ పక్కన ఉంటోంది. నిద్రలో నేనే జరుపుతున్నానేమోనని దాని మీద ఇస్త్రీ బట్టలు ఎత్తుగా పేర్చాను. మడత చెదరలేదు. కుర్చీ మాత్రం వచ్చింది.

మీ చెల్లెలు వద్దంటోంది. "అక్కని సూదిలో ఎక్కించుకోమంటారా? నావల్ల కాదు బావా." లేకపోతే పేగు చివర తీసేసి, మలం పోవడానికి పొట్టకి సంచీ తగిలిస్తారు, బతికినన్నాళ్లూ. నచ్చజెప్పమని డాక్టరుగారు నన్ను అడిగారు. నేను నోరు విప్పలేదు. ఎక్కిస్తే ఆ కణాలు గాయానికి మానే దారి చూపించి, కొన్ని వారాల్లో మాయమైపోతాయట. ఆమె వద్దన్నంతకాలం నువ్వు ల్యాబ్‌లో సీసాలుంచే ఆ వెచ్చని పెట్టెలో ఉంటావు.

ఇట్లు,
నీ పక్కవాడు

*

జరుగుడమ్మకి,

ఈసారి గీత పూడలేదు. కణాలు వెడల్పయి, చదునై, బాటకి రెండు పక్కలా నిలబడిపోయాయి. గట్టు మీద నిలబడి అవతలివాళ్లని చూస్తున్నట్టు.

"మేడమ్ అలిసిపోయారు సార్," అందా అమ్మాయి. "సీసాలో ఎప్పటికీ పెరుగుతూనే ఉండవు. ముసలివైపోతాయి. మొదట్లోనే తీసి గడ్డకట్టించినవి మాత్రం బాగున్నాయి. అవి మీ మరదలుగారి కోసమే."

అక్కణ్ణించి తిన్నగా మీ చెల్లెలింటికి వెళ్లాను. దిండు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది.

"ఏంటి బావా ఆ మొహం? కూర్చోలేనిదాన్ని నేను. మీకేమైంది?"

"మీ అక్క ఎప్పుడైనా ఖాళీ చూసి ఊరుకుందా?"

 "నా పక్కలో దూరి నన్ను కింద పడేసేది," అంది.

"అయితే కాస్త జరుగు. చోటివ్వు."

ఏడ్చింది. ఒప్పుకుంది. నిన్ను అడక్కుండానే ఇచ్చేశాను.

ఇట్లు,
నీ పక్కవాడు

*

జరుగుడమ్మకి,

గాయం మూసుకుంది. స్కాన్‌లో ఆ దారి కనపడటం లేదని, సంచీ అక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు. నీ కణాలు ఈపాటికి ఒక్కటీ మిగిలి ఉండదని కూడా చెప్పారు. ల్యాబ్‌కి వెళ్లాను. నీ అరలో వేరెవరివో సీసాలున్నాయి. ఆ అమ్మాయి వాటినీ మేడమ్ అంటోంది.

ఇవాళ మీ చెల్లెలు ఫోన్ చేసింది. దిండు లేకుండా కూర్చుని తింటోందట.

"బావా, నవ్వనంటే ఒకటి చెప్తాను. పొద్దున లేచేసరికి రెండో కుర్చీ నా పక్కకి జరిగి ఉంటోంది."

కుర్చీ సంగతి నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

"భయమేస్తోందా?"

"మొదట్లో వేసింది. ఇప్పుడు లేదు. దాన్ని తీసి అవతల పెట్టనా?"

"వద్దు. ఉండనీ."

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి చూశాను. కొన్నాళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నాను. నీ కుర్చీ గోడ దగ్గరే ఉంది. బట్టలు తీసేసి, దాన్ని నేనే తెచ్చి నా పక్కన వేసుకున్నాను.

ఇట్లు,
నీ పక్కవాడు