వెన్నుపాము కదిపిన చెయ్యి

చెల్లాయీ,

పక్షవాతం వచ్చిన ఈ మూడు నెలల్లో మీ బావగారు కుట్టుమిషను ముఖం చూడలేదు. ఎడమ చెయ్యి చెప్పిన మాట వినడం లేదు.

మొన్న మా అమ్మాయి పరీక్ష కోసం జీవశాస్త్రం పైకి చదువుకుంటోంది. మీ బావగారి మంచం పక్కనే నేను ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. వేడి పెట్టె అంచు తగలగానే ఆయన ఎడమ చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళింది.

“కదిలిందే! చూశావా?” అని అరిచారు. ఆ సంబరంలో ఎవరిదో చొక్కా మాడిపోయింది.

“అది మెదడు చెప్పింది కాదు నాన్నా, వెన్నుపాము చేసిన పని,” అనేసి అమ్మాయి నాలుక కరుచుకుంది.

ఆయన కుడిచేత్తో ఆ చేతిని తడిమి చూసుకున్నారు. తర్వాత, “అయితే చెయ్యి బాగానే ఉందన్నమాట. మరి మెదడు పంపే కబురు ఎక్కడ ఆగిపోతోంది?” అని అడిగారు.

అప్పటి నుంచి రోజూ ఆయనే అమ్మాయిని లేపి, కణం పాఠం మొదలుకొని చదివించుకుంటున్నారు. చచ్చిపోయిన నాడీకణం పని పక్క కణం నేర్చుకుంటుందా అన్నది ఆ పుస్తకంలో లేదట. డాక్టరును అడగమంటే, “ఆయన ధైర్యం చెప్పి పంపేస్తాడు,” అన్నారు.

నువ్వు బడిలో ఈ పాఠాలే చెబుతావు కదా, జవాబు ఆయన పేరునే రాయి. “మరదలిలా ఓదార్చొద్దను, పంతులమ్మలా చెప్పమను,” అంటున్నారు.

నీ అక్క